కోత ఉప్పాడది, కారణం ఎవరిది?

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు కాకినాడ ఉక్కపోతలో ఆ గౌన్లు ఎంత హింసో నాకు తెలుసు. అందుకే ఒక్క సంగతే మాట్లాడి కూర్చుంటాను.

ఇక్కడ బస్సెక్కితే గంటలోపే ఉప్పాడ. జాందానీ చీరలకు పేరున్న ఊరు. ఆ ఊరిని సముద్రం కోసుకుంటూ వస్తోంది. తుపాను వచ్చిందంటే బీచ్ రోడ్డు తెగుతుంది. అడ్డంగా పోసిన బండరాళ్లు చెల్లాచెదురవుతాయి. ఇసుక నింపిన జియో ట్యూబులతో గోడ కట్టారు, అదీ దెబ్బతింది. వెనక్కి జరిగి మళ్లీ ఇల్లు కట్టుకున్న మత్స్యకారుడి గడప దగ్గరికి కొన్నేళ్లకు మళ్లీ కెరటం వస్తుంది.

ఎందుకిలా అంటే, కారణాలు కొన్ని దగ్గరివి, కొన్ని దూరానివి. మన తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. గోదావరి తెచ్చి పోసిన ఇసుకలో కొంత హోప్ ఐలాండ్ దిబ్బగా పెరిగింది. కాకినాడ రేవుకు కాపలా కాస్తున్న ఆ దిబ్బే ఉత్తరాన ఉప్పాడకు చేరాల్సిన ఇసుకను ఆపుతోందని శాస్త్రజ్ఞులు చెబుతారు. విశాఖలోనూ ఇలాంటి తంటానే. ఔటర్ హార్బర్ కట్టాక దక్షిణాన ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి ఆర్కే బీచ్ వైపు పోయాల్సి వస్తోంది.

ఇంకాస్త పైకి, గోదావరి ఎగువకు వెళ్దాం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి ఇక్కడికొస్తుంది. దారిలో జాయక్వాడి, శ్రీరాంసాగర్, ఉపనదుల మీద మరెన్నో ఆనకట్టలు. ఒండ్రు వాటి అడుగున ఉండిపోతోంది. 1970లతో పోలిస్తే 1990ల నాటికే నది డెల్టాకు తెచ్చే ఒండ్రు సగానికి పైగా తగ్గింది. అలాగని జాయక్వాడి నీటితో పండించుకునే పైఠణ్ రైతును తప్పుపట్టగలమా? ధవళేశ్వరం కాలువల కింద పండిన అన్నం తిన్నవాళ్లం, మనం అసలే అనలేం.

ఇక మూడో కారణం అందరికీ తెలిసిందే. 1901, 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. దీనికి ఎగువనున్న మహారాష్ట్రను నిలదీసినా చాలదు, ప్రపంచమంతా జవాబు చెప్పాలి.

ఈ మూడింటిలో ఆఫీసులకు బాగా నచ్చేది మూడోదే. వాతావరణ మార్పు అని రాస్తే ఫైలు మూసేయొచ్చు, ఇక్కడ ఎవరినీ నిలదీయక్కర్లేదు. అందులో నిజం లేదనను. కానీ ఇసుక ఎక్కడ ఆగిందో చూడకుండా ఆకాశం మీదికి నెట్టేయడం తప్పించుకోవడమే. నది ఎగువన ఏం జరుగుతోందో పట్టించుకోకుండా ఏటా బండరాళ్లు పోయడమూ అంతే. ఆ రాళ్ల బిల్లులు మాత్రం ఏటా పాసవుతాయి.

బాధ ఒకచోట, మందు ఇంకోచోట ఉండటం కొత్తేమీ కాదు. నల్లగొండ బావి నీళ్లలోని ఫ్లోరైడ్ ఆ నేల కింది రాతిలోదే. బోర్లు లోతుకు పోయినకొద్దీ ముదిరింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తయారుచేస్తే, దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. మంచి పద్ధతే. కానీ బిందె బిందెకూ పటిక కొలిచి కలపడం రోజూ ఎవరు చేస్తారు? ఊళ్లకు ఊరట చివరికి కృష్ణా నీళ్లతోనే వచ్చింది. బావిలో పుట్టిన జబ్బుకు నది కావాల్సి వచ్చింది.

ఓజోన్ కథ దీనికి తిరగేసింది. అంటార్కిటికా మీద ఓజోన్ పొరకు చిల్లు పడుతోందని 1985లో బయటపడింది. అక్కడ ఫ్రిజ్‌ల గ్యాసుతో దాన్ని పాడుచేసినవాళ్లు ఎవరూ లేరు. ఆ గ్యాసులను ఆపడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, తర్వాత ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. ఇదంతా మన వీధి చివర ఏసీ మెకానిక్ చేతిలోని గ్యాస్ సిలిండర్ మారడం దగ్గరే అమల్లోకి వచ్చింది. సంతకం మాంట్రియల్‌లో, పని మన వీధిలో.

మీలో కొందరు ఇరిగేషన్‌లోకి, కాలుష్య నియంత్రణ మండలిలోకి వెళ్తారు. కొందరు డాలస్ వెళ్తారు, వెళ్లండి. మీ బల్ల మీదికి ఏ సమస్య వచ్చినా అది ఎవరి గడప ముందుందో రాసి ఊరుకోకండి. ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ స్థాయిలో ఎవరు కదిలితే తగ్గుతుందో కూడా రాయండి. అందులో మీ ఆఫీసు చేయాల్సినదేదో మొదటి పేరాలోనే ఉండాలి, చివరి పేరాలో కాదు.

ఈ జిల్లాలో ఉండిపోయేవాళ్లకు ఒక పని అప్పగిస్తాను. ఏటా వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి ఉప్పాడ తీరాన్ని కొలవండి. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో, ఎన్ని మీటర్లు పోయిందో, తేదీతో సహా పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రాయండి.