ఉత్తరుని వెరపు

(ధవళేశ్వర గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



వాన కురియని యేట విరాటపర్వము చదివించుట తెలుగు పల్లెల యాచారము. ఆ పర్వము విననివారును 'ఉత్తరకుమార ప్రగల్భము' లని యెగతాళి చేయుదురు. కాని లోకము ఆ బాలుని కథలో సగమే జ్ఞాపక ముంచుకొన్నది.

ధవళేశ్వరమునకు చేరువనే, రాజమహేంద్రవరమున, 11వ శతాబ్దమున నన్నయ భారతాంధ్రీకరణమునకు పూనెను. 13వ శతాబ్దమున నెల్లూరి తిక్కన విరాటపర్వము మొదలుకొని 15 పర్వములు రచించెను. ఆ తిక్కన వంశముననే వెరపును గూర్చిన గాథ యొకటి కలదు. ఆయనకు సోదరుని వరుసయైన ఖడ్గతిక్కన, మనుమసిద్ధి సేనాని. పసుల మేతకై చెల్లింపవలసిన పుల్లరి విషయమున కాటమరాజుతో పోరు గలిగి, సేన నశింపగా, అతడు ఇల్లు చేరెనట. భార్య చానమ్మ స్నానమునకు మంచము చాటుపెట్టి పసుపు ముద్ద యుంచెను. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించెను. అతడు మరల పోయి, పోరి, నేలకొరిగెను. సిగ్గు అతనిని రణమునకు పంపగలిగెను, తిరిగి తేలేకపోయెను.

ఇక ఉత్తరుడు. అంతఃపురమున బీరములు పలికిన యా కుర్రవాడు కౌరవసేనను గాంచి, మేను గగుర్పొడువ, రథము దుమికి పరుగిడెను. బృహన్నల మొదట మందలించెను. మందలింపు ఫలింపలేదు. వెంటనంటి పట్టుకొనగా, విడిచినచో ధన మిత్తునని బాలుడు బ్రతిమాలెను. అప్పుడు బృహన్నల ఓదార్చి, పోరు తాను చూచుకొందుననియు, పగ్గములు మాత్రము పట్టుమనియు చెప్పెను. భయపడినవానికి చేయదగిన పని దొరికినది. శంఖధ్వనికి అతడు మరల వణకెను. పార్థుడు మరల ధైర్యము చెప్పెను. వెరపు ఒక్కనాట పోవునది కాదు.

విజయానంతరము తండ్రి పొగడగా, గెలిచినవాడు తాను కాడనియు, ఒక దేవకుమారుడనియు ఉత్తరుడు పలికెను. బీరములాడిన నోటనే ఆ మాట వచ్చెను. పిమ్మట కురుక్షేత్రమున తొలినాడే శల్యునితో తలపడి మడిసెను. ఆనాడు పరుగిడకుండ పట్టి నిలుపుటకు ప్రక్కన బృహన్నల లేదు.

ఈ గోదావరి సీమలోని మాధవరము రెండు ప్రపంచయుద్ధములకును తన యువకులను పంపిన గ్రామము. అట్టి యిండ్లకు సెలవుపై వచ్చిన కుర్రవాడు, రాత్రివేళ మెల్లగా, తాను భయపడితినని చెప్పవచ్చును. అప్పుడు పెద్దలు పసుపు ముద్ద వెదకవలదు. పగ్గములు చేతికందించు మాట వెదకవలయును. విరాటపర్వము గ్రంథాలయముననే దొరకును. వానకొరకే గాక, ఆ మాటకొరకును చదువుడు.