టంకపు పొగను బయటకు లాగు పెట్టె
(రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



పైరుపంటల సంగతి చెప్పవలసినవాడు టంకము సంగతి ఎత్తుకొన్నాడేమని మీకు తోచవచ్చును. బాటరీ స్ప్రేయరులో తీగ ఊడినను, టార్చిలైటు వెలగకున్నను పట్నము పోకుండ ఇంటిలోనే సోల్డరింగు చేసికొనువారు మీలో కొందరున్నారు. ఇది మెచ్చదగిన పనియే. అయితే అతుకు కనబడుటకై ముఖము దానిపైకి వంచుటయు, లేచిన పొగను నేరుగా పీల్చుటయు జరుగుచున్నది.

అది సీసపు పొగ యని పలువురి నమ్మకము. అది సరికాదు. 60 పాళ్లు తగరము, 40 పాళ్లు సీసము గల టంకము 190 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరగును. ఐరను మొన 350 డిగ్రీల వేడిలో నుండును. సీసము మరుగుటకు 1,700 డిగ్రీలు దాటవలెను. పొగకు కారణము టంకపు తీగ నడుమనుండు రోజిను. పైను చెట్ల బంకనుండి టర్పెంటైను తీయగా మిగులు పదార్థమిది. దీని పొగ కండ్లను, గొంతును మండించును. తరచు పీల్చువారికి ఉబ్బసము పట్టవచ్చును. ఒకమారు పట్టినచో ఆపైన కొద్దిపాటి పొగకే ఆయాసము వచ్చును. సీసము లేని టంకము కొన్నను, అందులో రోజిను ఉన్నంతవరకు ఈ బాధ తప్పదు.

సీలింగు ఫ్యాను వేసికొన్న చాలదా? చాలదు. అది పొగను గదియంతట చల్లి, పిల్లలచేత గూడ పీల్పించును. ముక్కుకు తుండుగుడ్డ కట్టినను వాయువులు ఆగవు. పొగను పుట్టినచోటనే పట్టి బయటకు పంపవలెను.

15 కిలోల ఖాళీ నూనె డబ్బా ఒకటి తీసికొని పైభాగము పూర్తిగా కోసి, అంచులు చేతికి గీసుకొనకుండ లోపలికి మడిచి కొట్టుడు. దానిని బల్లపై అడ్డముగా పరుండబెట్టినచో మూతి మీవైపు, అడుగు గోడవైపు ఉండును. కంప్యూటరులలో వాడు 12 వోల్టుల, 120 మిల్లీమీటర్ల ఫ్యానును లోపలినుండి అడుగుకు నాలుగు మరలతో బిగించవలెను. వెలుపల 110 మిల్లీమీటర్ల పి.వి.సి. పైపు ముక్కను ఆనించి సందులను ఎం-సీలుతో మూసి, కిటికీగుండ బయటకు తీయుడు. అడుగున కోయు రంధ్రము 10.5 సెంటీమీటర్లకు మించరాదు. పైపు అంత వెడల్పుగా కోసినచో పైపు లోనికి జొచ్చి రెక్కలకు తగులును. ఈ ఫ్యానుకు బలము తక్కువ గనుక పైపు మూడడుగులు దాటకుండుట, వంపు ఒకటికి మించకుండుట మంచిది.

స్ప్రేయరు బాటరీయే దీనికి చాలును. ఇట్టి ఫ్యాను సాధారణముగా పావు ఆంపియరు తీసికొనును. 8 ఆంపియర్-అవర్ బాటరీ లెక్కకు 32 గంటలు రావలెను, పాతదైనచో అందులో సగమే అనుకొనుడు. ఎర్ర తీగలో బాటరీ దగ్గరనే ఒక ఆంపియరు ఫ్యూజు తప్పక వేయవలెను. మీ బావి మోటారుకు రెండు ఫేజులు మార్చిన తిరుగుడు మారును గదా, ఈ ఫ్యానుకు అట్లు కుదరదు. తీగలు తారుమారు చేసిన తిరుగదు, చెడిపోవచ్చును గూడ. గాలి దిశ మార్చవలెనన్న ఫ్యానునే త్రిప్పి బిగించవలెను. చట్రముపై గాలిపోవు దిక్కును చూపు బాణపు గుర్తు ఉన్నచో దానినిబట్టి అమర్చుడు.

పని మొదలుపెట్టకముందు అగరువత్తి వెలిగించి మూతి దగ్గర పట్టుడు. పొగ నిటారుగా లేవక లోనికి వంగిపోవలెను. వత్తిని వెనుకకు జరుపుచు చూచినచో లాగుడు ఎంత త్వరగా తగ్గునో తెలియును. దూరము రెట్టింపైన బలము ఇంచుమించు నాలుగవ వంతుకు పడిపోవును. కావున అతుకును మూతి అంచునకు లోపలనే పెట్టి చేయవలెను. ఈ ఒక్కటి పాటింపకున్నచో పెట్టె కట్టిన శ్రమ వృథా.

బొగ్గు స్పంజీతో పొగను వడగట్టి గాలిని గదిలోనికే వదలు యంత్రములు బజారున దొరకును. స్పంజీ సకాలములో మార్చకున్న అవి పనిచేయవు. కిటికీ ఉన్న ఇంటికి నేను వాటిని సిఫారసు చేయను. పొయ్యిబొగ్గు పొడిచేసి నింపుదమనుకొనువారు ఆ యత్నము మానుకొందురుగాక. అందు వాడునది ప్రత్యేకముగా తయారుచేసిన ఉత్తేజిత కర్బనము.

స్ప్రేయరు తీగలకు అంటిన పురుగుమందును కడిగి ఆరబెట్టిన తరువాతనే వేడి తగిలించుడు. సీసము పొగలో రాకున్నను వ్రేళ్లకంటి నోటిలోనికి పోవును. బీడీ ముట్టించుటకు ముందు, అన్నమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుడు. రాలిన టంకపు పూసలను, పాత బాటరీ పలకలను పశువుల కొట్టమువైపు ఊడ్చివేయరాదు. గొడ్లు సీసమును నాకి ప్రాణము పోగొట్టుకొనుట కలదు. వాటిని మూతగల డబ్బాలో వేసి పాత బాటరీలు కొనువానికి ఇచ్చివేయుడు.