మెనింజైటిస్ క్రిమికి తెలివి ఉందా?

1987 హజ్‌లో యాత్రికులకు మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, తెచ్చిపెట్టిన మెనింగోకాకస్ క్రిమి ‘ఎ’ రకానిది. ఆ తర్వాత సౌదీ ప్రభుత్వం యాత్రికులకు టీకా తప్పనిసరి చేసింది. ఎక్కువమంది వేయించుకున్నది ఎ, సి రకాలను ఆపే టీకా. 2000 హజ్‌లో జబ్బు మళ్లీ వచ్చింది, ఈసారి డబ్ల్యు-135 రకంతో. మక్కా నుంచి తిరిగివెళ్లినవారి ద్వారా బ్రిటన్, ఫ్రాన్స్, సింగపూర్‌లలో వాళ్ల ఇంట్లోవాళ్లకూ సోకింది. టీకా సంగతి పసిగట్టి క్రిమి పైపొర మార్చుకుని వేరే రకమైందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ జన్యువులను పరీక్షిస్తే, ఆ డబ్ల్యు-135 వంశం టీకాకు జవాబుగా అప్పటికప్పుడు పుట్టింది కాదని, అంతకు ముందునుంచే లోకంలో ఉన్నదేనని తేలింది. ఈ క్రిమి ఏ బాధా పెట్టకుండా ఎందరో ఆరోగ్యవంతుల గొంతులో కాపురం ఉంటుంది. ఎ, సి రకాలకు దారి మూసుకుపోయినా డబ్ల్యు-135కు అడ్డు లేదు. లక్షలమంది ఒకేచోట ఊపిరి పంచుకున్నారు. అంతే, అది పాకింది. ఇందులో ఎవరి నిర్ణయమూ లేదు.

అలాగని సూక్ష్మజీవులను మొద్దులనడం కూడా అన్యాయమే. మన పేగుల్లో ఉండే ఈ-కోలై ఈదుతూ, కొన్ని క్షణాల కిందటి ఆహారపు మోతాదును ఇప్పటిదానితో పోల్చుకుంటుంది. పెరుగుతుంటే అదే దిక్కున సాగుతుంది, తగ్గితే దొర్లి దిక్కు మార్చుకుంటుంది. కణంలోని కొన్ని ప్రోటీన్లకు మిథైల్ సమూహాలనే చిన్న రసాయన ముక్కలు అతుక్కోవడం, ఊడిపోవడమే ఆ జ్ఞాపకం. నాకిది నిజంగా అబ్బురమే. మన మెదడులోనూ రసాయనాలేగా, మరి దీన్నెందుకు తెలివి అనకూడదని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తేడా రసాయనంలో లేదు. పాత పద్ధతి పనికిరాదని గ్రహించి తన జీవితకాలంలోనే కొత్త ఉపాయం కనిపెట్టడాన్ని నేను తెలివి అంటాను. ఒంటరి బాక్టీరియా అలా చేస్తుందనడానికి గట్టి సాక్ష్యం లేదు. మార్పు వస్తే వంశంలో వస్తుంది. పనికొచ్చిన రకం మిగులుతుంది, తక్కినవి పోతాయి.

ఇది మాటల పట్టింపు కాదు. మెనింజైటిస్ క్రిమి ఎత్తులు వేసే శత్రువని నమ్మితే ఏ టీకా వేయించుకున్నా వృథా అనిపిస్తుంది. నిజానికి అది దొరికిన సందులో దూరుతుంది, మనం ఆ సందు మూయవచ్చు. అందుకే ఇప్పుడు హజ్‌కు ఎ, సి, డబ్ల్యు-135, వై అనే నాలుగు రకాలనూ ఆపే టీకా అడుగుతున్నారు. సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. శరీరం రక్షణ సిద్ధం చేసుకోవడానికి ఆ వ్యవధి కావాలి. టీకా వేసుకున్నా సరే, హఠాత్తుగా జ్వరం, విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వాంతులు, ఒంటిమీద ఎర్రని మచ్చలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.