వాసన పట్టే పొర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంతకీ ఏం పని చేస్తావురా?" అని పొద్దుటి నుంచి అందరూ అడుగుతున్నారు. వాసన పట్టే గాజుముక్కలు చేస్తాను.

గాజుపలక మీద టిన్ ఆక్సైడ్‌ను తలవెంట్రుక మందంలో వందో వంతు కన్నా పలచగా పూస్తాం. సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే గాలిలోని ఆక్సిజన్ దానికి అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. కరెంటు సులువుగా పారదు. ఆల్కహాల్, అసిటోన్ వంటి ఆవిరి తగిలితే ఆ ఆక్సిజన్‌తో చర్య జరిగి ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. నిరోధం పడిపోతుంది. అదే మనకు కబురు. 1962లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో సేయామా బృందం జింక్ ఆక్సైడ్ పొరతో ఈ సంగతి చూపించింది.

చిక్కల్లా ఒకటే. ఏదో ఆవిరి వచ్చిందని పొర చెబుతుంది. అది ఏదో చెప్పదు.

షుగరు బాగా అదుపు తప్పినవారి ఊపిరిలో అసిటోన్ పెరుగుతుంది. దాన్ని పసిగట్టాలని పరిశోధన విద్యార్థిగా ఒక పొర చేశాను. "అసిటోన్‌నే పట్టే పొర" అని వ్యాసం కూడా రాశాను. పంపాల్సిన ముందురోజు రాత్రి, అసిటోన్ సీసా తెరవకుండానే గ్రాఫు మీద అదే గీత! చూస్తే పక్కబల్ల దగ్గర ఎవరో స్పిరిట్‌తో పలకలు తుడుస్తున్నారు.

నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఈ బడి ల్యాబు గుర్తొచ్చింది. పదో తరగతిలో ఓమ్ నియమం ప్రయోగం చేస్తూ పక్కవాడివి చూసి నా రీడింగులు దిద్దాను. సైన్సు మాస్టారు కొట్టలేదు. "మీటరు చూపింది రాయరా. తప్పొస్తే ఎందుకొచ్చిందో ఇద్దరం వెతుకుదాం" అన్నారు.

పొద్దున్నే గైడు గారికి చెప్పి వ్యాసం ఆపేశాను. ఏడాది వెనకబడ్డాను. ఆల్కహాల్‌తో, తేమతో మళ్లీ మొదటి నుంచి పరీక్షించాను. వానాకాలపు గాలికి కూడా గీత కదిలింది. అందుకే ఇప్పుడు ఒక్క పొర మాట నమ్మను. వేర్వేరు ఆక్సైడ్ల పొరలు పక్కపక్కన పెట్టి, అన్నిటి సాక్ష్యం కలిపి చూస్తాను.

మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. మాస్టారూ, మీటరు చూపిందే రాస్తున్నానండి.

బడి ల్యాబుకు మన సంఘం కొంటానన్న కొత్త మీటర్ల ఖర్చు నాకు వదిలేయండి. సెలవు.