సూది గ్రుచ్చుటకు ముందు

మామిడికాయ పండినదో లేదో తెలియగోరినపుడు మన బనగానపల్లె రైతు ముందుగా దానిని కోయడు. వాసన చూచును, తొడిమ యొద్ద వ్రేలితో నొక్కి చూచును. కోయుట కడపటి పని. కోసిన కాయ మరల అతుకుకొనదు గదా! వినాళ గ్రంథుల వ్యాధులను పరీక్షించుటలోను ఈ క్రమమునే పాటింపవలెనని మేము మనవి చేయుచున్నాము.

ఈ గ్రంథులు హార్మోనులను తిన్నగా రక్తములోనికి విడుచును. కావున పెక్కు వ్యాధులు చేతి సిరనుండి తీసిన రక్తముతోను, 24 గంటల మూత్రముతోను బయటపడును. అంతటితో తేలనపుడే లోపలికి గొట్టమును పంపవలసివచ్చును.

మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టిరోనును మితిమీరి స్రవించినచో రక్తపుపోటు హెచ్చునని జెరోం కాన్ అను అమెరికా వైద్యుడు 1955లో ప్రకటించెను. తప్పు కుడి గ్రంథిదో, ఎడమ గ్రంథిదో తేల్చుటకు గజ్జలోని సిర గుండ సన్నని గొట్టమును పంపి, రెండు వైపులనుండియు రక్తము తీయుదురు. కుడి సిర మిక్కిలి పొట్టిది, దొరకుట కష్టము. అరుదుగా సిర చిట్లి గ్రంథిలో రక్తస్రావమగును. నడుములో తీవ్రమైన నొప్పి దానికి గుర్తు. అయినను అవసరమైనచోట ఈ పరీక్షను కాదనరాదు. తేల్చకయే కోసినచో మంచి గ్రంథి పోయి, చెడ్డది మిగిలిపోవచ్చును.

పిట్యూటరీ వ్యాధికై పుఱ్ఱె అడుగుభాగము వఱకు గొట్టమును పంపు పరీక్షయు కలదు. అందు గజ్జయొద్ద కమిలి వాచుట కొందఱికి కలుగును. పక్షవాతము మిక్కిలి అరుదు, కాని లేకపోలేదు.

వీనికంటె ప్రమాదకరమైనది తొందరపాటు. అడ్రినల్ గ్రంథిలో గడ్డ కనబడగానే సూదితో ముక్క తీయరాదు. అది ఫియోక్రోమోసైటోమా యైనచో, సూది తగిలినంతనే అడ్రినలిన్ వంటి పదార్థములు రక్తములోనికి వెల్లువెత్తి, పోటు ఒక్కుమ్మడిగా పెరిగి ప్రాణాపాయము కలుగవచ్చును. ముందుగా మెటానెఫ్రిన్ పరీక్ష చేసినచో ఈ ఆపదను కనిపెట్టవచ్చును.

కర్నూలులో 1956 నుండియు, నంద్యాలలో 2023 నుండియు ప్రభుత్వ వైద్య కళాశాలలు కలవు. ఎచ్చటికి వెళ్లినను మూడు ప్రశ్నలు అడుగుడు. రక్త, మూత్ర పరీక్షలు ముగిసినవా? ఈ పరీక్షా ఫలితము చికిత్సను మార్చునా? చేయువారికి అనుభవ మెంత? రక్తమును పలుచబఱచు మందులు వాడుచున్నచో దాచక చెప్పుడు. మీయంతట మీరు మానకుడు. పరీక్ష ముగిసిన రాత్రియే ఊరు చేరవలెనను తొందర వలదు. ఇల్లు చేరిన పిమ్మట నడుమునొప్పి గాని, గజ్జయొద్ద వాపు గాని, చూపు రెండుగా కనబడుట గాని కలిగినచో, తెల్లవారువఱకు వేచియుండక బయలుదేరుడు.