ఏకాభిప్రాయం ఎవరిది?

(అమలాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విధానాలు ఢిల్లీలో తయారవుతాయి, మన పని వాటి అమలు చూసుకోవడమేనని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ బిల్లు నడిచిన దారి చూస్తే, విధానం ఎవరి బేరాల మధ్య తయారవుతుందో తెలుస్తుంది. ఆ దారిలో మన కోనసీమ కూడా ఉంది.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మనకు మూడోవంతు వాటా ఇచ్చింది. పార్లమెంటులో, శాసనసభల్లో కూడా అదే వాటా కోసం 1996 సెప్టెంబరులో బిల్లు వచ్చింది. గీతా ముఖర్జీ అధ్యక్షతన సంయుక్త కమిటీ దాన్ని పరిశీలించింది. రాజ్యసభకూ రిజర్వేషన్ ఉండాలనీ, వెనుకబడిన కులాల స్త్రీల వాటాను తగిన సమయంలో ఆలోచించాలనీ సూచించింది.

1998లో, 1999లో బిల్లు మళ్లీ లోక్‌సభకు వచ్చినప్పుడు స్పీకరు మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు. ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడాయన. రిజర్వేషన్ ఇస్తే సమర్థులు దొరకరనేవారికి మన రిజర్వుడు నియోజకవర్గమే జవాబు. అయితే స్పీకరు సభను నడుపుతారు; బిల్లును ఓటింగు దాకా తెచ్చే పట్టుదల ప్రభుత్వానికీ, పార్టీలకూ ఉండాలి. సభలో గందరగోళం, బయట 'ఏకాభిప్రాయం రావాలి' అన్న మాట. ఈ రెండింటి మధ్యా బిల్లు ఆగిపోయింది. మన గురించిన ఏకాభిప్రాయాన్ని దాదాపు మగవాళ్లే నిండిన గదుల్లో వెతికారు. వెనుకబడిన కులాల స్త్రీల వాటా న్యాయమైన కోరిక. దాన్ని సవరణగా తేవాల్సింది పోయి, కొందరు బిల్లును ఆపే సాకుగా వాడుకున్నారు.

2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించినా లోక్‌సభ ఆ బిల్లును ఆమోదించలేదు. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటేశారు. ఇరవైయేడేళ్లు నానిన విషయం మూడు రోజుల్లో రెండు సభలూ దాటింది. కాని 1996 బిల్లులో లేని షరతు ఒకటి ఇందులో చేరింది: జనాభా లెక్కలు జరిగి, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాకే అమలు. వెనుకబడిన కులాల స్త్రీలకు విడిగా వాటా ఇవ్వలేదు. రాజ్యసభను వదిలేశారు.

అందుకే నేననేది, ఓట్ల లెక్కతో పాటు షరతులూ చదవాలి. రాజోలు, కొత్తపేట, అమలాపురం ఎక్కడైనా సరే, ఓటడగడానికి వచ్చిన పార్టీని రాతపూర్వకంగా రెండు ప్రశ్నలడుగుదాం. చట్టం అమలయ్యేదాకా ఆగకుండా మూడోవంతు టిక్కెట్లు స్త్రీలకిస్తారా? వెనుకబడిన కులాల స్త్రీల వాటాకు సవరణ తెస్తారా? జవాబు సంతకంతో తీసుకుని సంఘం ఫైలులో పెడదాం. వచ్చే ఎన్నికల్లో ఆ కాగితమే వాళ్ల ముందు పెడదాం.