పసికందు చెవిన పడు శబ్దము



నెలలు నిండక పుట్టిన శిశువులను ఇంటెన్సివ్ కేర్ వార్డులో, ఇంక్యుబేటర్ అను వెచ్చని పెట్టెలో ఉంచుట మీలో అనేకులు చూచియున్నారు. బిడ్డకు వెచ్చదనము, ప్రాణవాయువు, పాలు అందుచున్నవా అని అందరు అడుగుదురు. బిడ్డ చెవిన ఏమి పడుచున్నదని అడుగువారు అరుదు. నర్సులమైన మేము నేడు ఆ ఒక్క సంగతినే మీ ముందుంచుచున్నాము.

గర్భములో సుమారు 25 వారములకు శిశువుకు వినికిడి కలుగును. అక్కడ తల్లి గుండె చప్పుడు, ఆమె మాట వినబడును. తల్లి శరీరము, ఉమ్మనీరు అడ్డుగా నుండుటచే బయటి కీచుధ్వనులు మెత్తబడి చేరును. ఏడవ నెలలో పుట్టిన బిడ్డకు ఆ అడ్డు లేదు. పెద్దలమైనచో లేచి పోగలము, చెవులు మూసుకొనగలము. ఆ బిడ్డ రెండును చేయలేదు.

శబ్దమును డెసిబెల్లలో కొలుతురు. ఈ వార్డులలో 45 డెసిబెల్లు దాటినచో ఆలోచింపవలసినదేయని అమెరికాలోని శిశువైద్యుల అకాడమీ 1997లో తెలిపినది. మన మామూలు సంభాషణయే సుమారు 60. ఈ కొలతలో 10 పెరిగినచో శబ్దశక్తి పదింతలగును. ఇంక్యుబేటర్ తలుపు టప్పున మూసినచో లోపల 80 దాటవచ్చును. అప్పుడు బిడ్డ ఉలిక్కిపడును, గుండె వేగము మారును, రక్తములో ప్రాణవాయువు తగ్గవచ్చును, నిద్ర చెడును. మెదడు ఎదుగుటకు ఆ నిద్రయే ఆధారము.

యంత్రముల అలారములు ప్రాణము కాచునవి, వాటిని తీసివేయలేము. అయితే మ్రోగిన వెంటనే వెళ్లి చూడవచ్చును. తలుపును రెండు చేతులతో మెల్లగా మూయవచ్చును. పెట్టెపై సీసాలు పెట్టకుండవచ్చును. కుర్చీని ఈడ్వక ఎత్తి జరుపవచ్చును. వీటికి పైసా ఖర్చు లేదు. మా చేతులకు అలవాటు కావలెను, అంతే.

అట్లని బిడ్డకు పూర్తి నిశ్శబ్దము మేలని కాదు. తల్లి మెల్లని మాట బిడ్డకు తెలిసిన మాట. కొలంబియా దేశపు బొగోటా నగరములో 1978లో వైద్యుడు ఎడ్గార్ రే ప్రారంభించిన కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి రొమ్ముకు హత్తుకొని ఉంచుదురు. అక్కడ బిడ్డ మరల ఆ గుండె చప్పుడే వినును.

ఇక మీ వంతు. పరామర్శకు ఇద్దరు చాలును, పదిమంది వలదు. సెల్‌ఫోను మ్రోగనీయకుడి. వరండాలో ప్రార్థించునప్పుడు స్వరము తగ్గించుడి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నిశ్శబ్ద మండలముగా ప్రకటించిన చోట హద్దు పగలు 50, రాత్రి 40 డెసిబెల్లు. కాని పెండ్లి బ్యాండయినను, మన పండుగ ఊరేగింపయినను, ఆసుపత్రి గేటు వద్ద ఆగిన చట్టము కంటె ముందు ఆ లోపలి పసికందు జ్ఞాపకము రావలెను. కిలో బరువైన లేని ఆ బిడ్డ తన కొరకు తాను మాట్లాడలేదు గనుక మేము మాట్లాడితిమి.